స్కానింగ్ నార్మల్ అన్నంత మాత్రాన

పొత్తికడుపు నొప్పికి తీసిన స్కానింగ్‌లో ‘నార్మల్’ అని రాగానే ఇంట్లోవాళ్లు గ్యాస్ నొప్పని తేల్చేస్తారు. పెల్విక్ ఇన్‌ఫ్లమేటరీ డిసీజ్, అంటే పీఐడీ, తప్పించుకునేది ఇక్కడే. గర్భాశయానికి, ఫాలోపియన్ ట్యూబులకు, అండాశయాలకు సోకే ఈ ఇన్ఫెక్షన్ ముదిరి ట్యూబుల్లో నీరో చీమో చేరేదాకా స్కానింగ్‌కు చాలాసార్లు చిక్కదు. రక్తపరీక్షలు బాగున్నా జబ్బు లేదనుకోలేం.

దీన్ని పట్టేది ప్రధానంగా డాక్టర్ చెయ్యే. యోని ద్వారా లోపలి పరీక్ష చేస్తూ గర్భాశయ ముఖద్వారాన్ని కదిలిస్తారు. అప్పుడు గానీ, గర్భాశయాన్నో దాని పక్కలనో నొక్కినప్పుడు గానీ నొప్పి పుడితే, దానికి వేరే కారణం దొరక్కపోతే, పీఐడీ అనుకుని మందులు మొదలుపెట్టాల్సిందే. జ్వరం, చెడు వాసనతో తెల్లబట్ట ఉంటే అనుమానం బలపడుతుంది. అవి లేకుండానూ రావచ్చు. గర్భ పరీక్ష మాత్రం ముందే చేయాలి. ట్యూబులో నిలిచిన గర్భం కూడా ఇలాంటి నొప్పే తెస్తుంది, ప్రాణం మీదికీ తెస్తుంది. అపెండిసైటిస్ సంగతీ చూసుకోవాలి.

చేతి పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు? స్వీడన్‌లోని లుండ్‌లో పీఐడీ అనుమానించిన 814 మందికి లాపరోస్కోపీ చేసి, పొట్టలోకి కెమెరా పంపి చూశారు. 1969లో జాకబ్సన్, వెస్ట్రోమ్ ప్రకటించిన ఆ ఫలితాల్లో జబ్బు నిజంగా కనిపించింది దాదాపు 65 శాతం మందిలోనే. సుమారు 12 శాతానికి వేరే జబ్బు. మిగతావాళ్లకు లోపల ఏ తేడా లేదు. అలాగని అందరికీ కెమెరా పెట్టలేం: మత్తు ఇవ్వాలి, ఖర్చు, పైగా గర్భాశయం లోపొరకే పరిమితమైన వాపు దానికీ కనబడదు.

అందుకే అనుమానం మీదే చికిత్స. కొందరు రెండు వారాల యాంటీబయాటిక్స్ అనవసరంగా మింగుతారు, నిజమే. చికిత్స అందక ట్యూబులు మూసుకుపోవడంతో పోలిస్తే నా లెక్కలో అది చిన్న నష్టం. మన ప్రభుత్వాసుపత్రుల్లో లైంగిక వ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌లలోనూ ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా, లక్షణాలను బట్టే పసుపు రంగు మందుల కిట్ ఉచితంగా ఇచ్చే పద్ధతి ఉంది. మూడు రోజుల్లో నొప్పి తగ్గకపోతే నిర్ధారణను మళ్లీ మొదటినుంచి చూడాలి.

లైంగిక సంబంధం ద్వారా సోకే క్లమీడియా, గనేరియా క్రిములు కారణమైన చోట భర్తకు ఏ బాధా లేకపోయినా మందులు వేయించాలి. ఆయన ‘నాకేంటి’ అంటే జబ్బు తిరగబెడుతుంది. వెస్ట్రోమ్ బృందం 1992లో చూపిన లెక్క ప్రకారం ట్యూబులు దెబ్బతిని సంతానం కలగకపోవడం ఒకసారి వచ్చినవారిలో 8 శాతం, రెండుసార్లయితే సుమారు 20, మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లయితే 40.