సీపాప్ ట్యూబ్‌లో నీళ్లెందుకు చేరుతున్నాయి, ఎలా ఆపుకోవాలి

స్లీప్ ఆప్నియాకి, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బుకి, సీపాప్ మెషిన్ (ట్యూబ్, మాస్క్ ద్వారా గాలిని ప్రెషర్‌తో పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) వాడేవాళ్లు చాలామంది చెప్పే కంప్లైంట్ ఇది. రాత్రి బాగానే నిద్ర పడుతుంది, తెల్లవారుజామున నాలుగు, ఐదు అయ్యేసరికి ట్యూబ్‌లో గుడగుడమని సౌండ్ మొదలవుతుంది, ముక్కు మీదో పై పెదవి మీదో చల్లటి నీటి చుక్క పడి మెలకువ వచ్చేస్తుంది. దీన్ని రెయిన్ అవుట్ అంటారు. ఇందులో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయేమోనని కొందరు భయపడతారు, మెషిన్ పాడైందని కొందరు అనుకుంటారు, ఇంకొందరైతే హ్యూమిడిఫైయర్ (నీళ్ల ఛాంబర్‌తో గాలికి తడి కలిపే భాగం) మొత్తం ఆపేసి రెండ్రోజుల్లో ముక్కు ఎండిపోయి ఇక ఈ మెషిన్ నావల్ల కాదని బీరువా మీద పెట్టేస్తారు. నాకు బాధ కలిగించేది ఈ చివరిదే, ఎందుకంటే గురక పెడుతూ ఊపిరి ఆగిపోయే మనిషికి ఆ మెషిన్ చాలా అవసరం, దాన్ని ఆపడానికి కారణమైన సమస్య మాత్రం చాలావరకు ఇంట్లోనే సరిచేసుకోగలిగేది.

అసలు విషయం ఏంటంటే మెషిన్ నీళ్లు ఎక్కువ పంపడం ఒక్కటే కాదు, ఆ గాలి ముక్కు దాకా వచ్చేలోపు దారిలో చల్లబడిపోతోంది. ఈ తేడా అర్థమైతే ఏ బటన్ ఎటు తిప్పాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు ఆ తడిగాలి ఎందుకు కావాలో చూద్దాం. మనం పీల్చే గాలిని ముక్కు వేడి చేసి తడి చేసి లోపలికి పంపుతుంది, ఊపిరితిత్తుల దగ్గరికి చేరేసరికి అది 37 డిగ్రీల వేడితో, క్యూబిక్ మీటర్‌కి 44 గ్రాముల నీటి ఆవిరితో ఉంటుంది. ఊపిరి వదిలేటప్పుడు ఆ తడిలో కొంత ముక్కే తిరిగి పట్టేసుకుంటుంది. సీపాప్ పెట్టుకున్న మనిషి నిద్రలో నోరు తెరిస్తే ఈ లెక్క తప్పుతుంది, గాలి ముక్కులోంచి లోపలికొచ్చి నోట్లోంచి బయటికి పోతుంది, ముక్కు ఇస్తూనే ఉంటుంది కానీ దానికి తిరిగి ఏమీ రాదు. అప్పుడు లోపలి పొర ఎండి, వాచి, ముక్కు బిగుసుకుపోతుంది. ఈ సంగతిని 1996లో సిడ్నీ పరిశోధకులు కొలిచి చూపించారు, వేడిగా తడిగా ఉన్న గాలి ఇస్తే ఆ బిగుసుకుపోవడం చాలావరకు తగ్గుతుందని కూడా చూపించారు. ఆ టీమ్‌లో కోలిన్ సలివాన్ కూడా ఉన్నారు, 1980లో సిడ్నీలోని రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ హాస్పిటల్లో వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్‌తో మొదటి సీపాప్ కట్టింది ఆయనే. అందుకే హ్యూమిడిఫైయర్ పూర్తిగా కట్టేయడం నా దృష్టిలో చిట్టచివరి మార్గం, మొదటిది కాదు.

ఇప్పుడు ట్యూబ్ లోపలికి వద్దాం. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఆవిరి మోయగలదు. 30 డిగ్రీల దగ్గర ఒక క్యూబిక్ మీటర్ గాలి సుమారు 30 గ్రాములు మోస్తుంది, 24 డిగ్రీల దగ్గర 22 లోపే, 18 డిగ్రీలకి వస్తే 15 చిల్లర మాత్రమే. మోయలేనిది ఎక్కడో ఒకచోట దించేయాలి కదా, గాలి కన్నా చల్లగా ఉన్న గోడ మీద దించేస్తుంది. వేడి అన్నం బాక్సులో పెట్టి మూత బిగిస్తే మధ్యాహ్నానికి మూత లోపల చుక్కలు వేలాడతాయి చూడండి, అచ్చం అదే. 1814లో వెల్స్ అనే లండన్ డాక్టర్ రాత్రిళ్లు ఉన్ని పోగులు బయట పెట్టి, వాటికి ఎంత మంచు పట్టిందో తూకం వేసి మరీ ఇదే సంగతి తేల్చాడు, మంచు ఆకాశం నుంచి రాలదు, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడ్డ వస్తువు మీదే పడుతుంది అని.

ఒక లెక్క వేద్దాం. మాస్క్ మీద చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడానికి కావాలనే పెడతారు. వాటి వల్ల ట్యూబ్‌లో గాలి ఆగకుండా పారుతూ ఉంటుంది, మాస్క్‌ని బట్టి, ప్రెషర్‌ని బట్టి మారుతుంది కానీ నిమిషానికి 30 లీటర్ల పైచిలుకు అనుకుంటే గంటకి దాదాపు 2 క్యూబిక్ మీటర్లు. వాటర్ ఛాంబర్ నుంచి గాలి 30 డిగ్రీల వేడితో, 24 గ్రాముల ఆవిరితో బయల్దేరింది అనుకోండి, అది 26 డిగ్రీల దాకా చల్లబడినా పర్వాలేదు, అన్నీ మోసుకుంటూ వస్తుంది. 24కి పడిపోతే మాత్రం క్యూబిక్ మీటర్‌కి 2 గ్రాముల పైన దించేయాలి, గంటకి 4 గ్రాములు దాటుతుంది, ఏడు గంటల నిద్రకి 30 మిల్లీలీటర్లు. రెండే రెండు డిగ్రీలు! మామూలు ట్యూబ్ 22 మిల్లీమీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల పొడవు ఉంటుంది, గాలి అందులో ఉండేది ఒక్క సెకను పైన అంతే, ఆ సెకనులోనే గోడ పక్కన ఉన్న గాలి చల్లబడి తడి వదిలేస్తుంది. ఆ 30 మిల్లీలీటర్లూ ట్యూబ్ వంగిన చోట చేరితే 8 సెంటీమీటర్ల మేర ట్యూబ్ పూర్తిగా నిండిపోతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. సీపాప్ ప్రెషర్‌ని కొలిచేదే నీటి సెంటీమీటర్లలో, మామూలుగా 4 నుంచి 20 మధ్య పెడతారు. మీ డాక్టర్ 10 పెట్టారు అనుకోండి, ట్యూబ్ వంపులో నీళ్లు అడ్డుపడి గాలి 3 సెంటీమీటర్ల లోతు నీళ్లని తోసుకుంటూ బుడగలుగా రావాల్సి వస్తే ఆ 10లో 3 అక్కడే ఖర్చయిపోతాయి, గొంతుకి అందేది 7, అది కూడా ఎగురుతూ పడుతూ. అంటే గుడగుడ సౌండ్ చిరాకు మాత్రమే కాదు, ట్రీట్‌మెంట్ తగ్గిపోతున్నట్టు. అందుకే దీన్ని భరించమని ఎవరికీ చెప్పకూడదు. ప్రెషర్ ఎక్కువ పెట్టడం వల్లే గాలి నలిగి నీళ్లు కారుతున్నాయి అని ఇంకొకటి అంటుంటారు, అది నిజం కాదు, మన చుట్టూ ఉన్న గాలి ప్రెషరే 1033 సెంటీమీటర్ల నీటికి సమానం, దానికి 10 కలిపితే ఒక శాతం కూడా పెరగలేదు. కాబట్టి నీళ్ల కోసం ప్రెషర్ ముట్టుకోవద్దు, అది డాక్టర్ పని.

ముందు నీళ్లు ఎక్కడున్నాయో చూడాలి, చాలామంది ఈ పని చేయకుండానే సెట్టింగులు మార్చేస్తారు. ట్యూబ్ పొడిగా ఉండి మాస్క్ లోపల మాత్రమే తడి ఉంటే అది మెషిన్ పంపిన నీళ్లు కాకపోవచ్చు, మన ఊపిరిదే. మనం వదిలే గాలి 34 డిగ్రీల దగ్గర, ఆవిరితో పూర్తిగా నిండి వస్తుంది, క్యూబిక్ మీటర్‌కి 37 గ్రాములు, అది చల్లటి ప్లాస్టిక్‌కి తగిలితే హ్యూమిడిఫైయర్ ఆపేసినా చెమ్మ పడుతుంది. ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్క్‌లో ఇది ఎక్కువ, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఉండే పిల్లో మాస్క్‌లో తక్కువ. ఇలాంటప్పుడు హ్యూమిడిటీ తగ్గిస్తే ముక్కు ఎండుతుందే కానీ తడి పోదు, గది కొంచెం వెచ్చగా ఉంచడం, మాస్క్ మీదికి ఏసీ గాలి కొట్టకుండా చూడడం, మాస్క్ రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసి కడగడం, ఇవే పనిచేస్తాయి. ట్యూబ్‌లోనే నీళ్లు ఉంటే మాత్రం దారి చల్లబడుతోందని అర్థం.

మన ఇళ్లలో ఆ దారిని చల్లబరిచేవి రెండు, ఏసీ ఒకటి, దాని కింద ఫుల్ స్పీడులో తిరిగే ఫ్యాన్ ఒకటి. ఫ్యాన్ గదిని చల్లబరచదు, కానీ ట్యూబ్ చుట్టూ అంటిపెట్టుకున్న వెచ్చటి గాలి పొరని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది, దాంతో ట్యూబ్ గోడ గది టెంపరేచర్‌కి ఇంకా దగ్గరగా పడిపోతుంది. మా బాబాయ్‌ది విజయవాడ, ఏసీ 18లో పెట్టి పైన ఫ్యాన్ వేసుకుని పడుకునేవాడు, ఫోన్ చేసి "ఏరా, ఈ మిషన్లో వాన పడుతోందిరా" అన్నాడు. "బాబాయ్, ముందు ఏసీ 25 చెయ్యి, ఫ్యాన్ రెండు మీద పెట్టు, ట్యూబ్‌ని దుప్పటి కిందుగా భుజం దాకా తెచ్చుకో, హ్యూమిడిటీ అప్పుడు చూద్దాం" అన్నాను. ఆ తర్వాత మెషిన్‌లో హ్యూమిడిటీ సెట్టింగ్ 6 నుంచి 4కి తగ్గించాడు, అంతటితో వాన ఆగిపోయింది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలని రూల్ ఉంది, అది కరెంట్ ఆదా కోసం పెట్టింది కానీ సీపాప్ వాడేవాళ్లకి కూడా మంచి నంబరే.

కోస్తాలో వానాకాలం కథ వేరే. ఏసీ లేకుండా 29 డిగ్రీల గదిలో, బయట గాలే 80 శాతం తేమతో ఉంటే అందులో అప్పటికే 23 గ్రాముల ఆవిరి ఉన్నట్టు, దానికి హ్యూమిడిఫైయర్ కలపాల్సింది పెద్దగా ఏమీ లేదు, 1 లోనో 2 లోనో పెట్టుకున్నా సరిపోతుంది. అదే గదిలో ఏసీ వేస్తే ఏసీ ఆ తేమంతా పీల్చి పైపులోంచి బయట పారబోస్తుంది, గాలిలో 11, 12 గ్రాములే మిగులుతుంది, అప్పుడు హ్యూమిడిఫైయర్ మళ్లీ కావాలి. ఒకే ఊళ్లో ఒకే మనిషికి ఏసీ రాత్రి ఒక సెట్టింగ్, ఏసీ లేని రాత్రి ఇంకో సెట్టింగ్ కావడం మామూలే. పక్కింటాయన నంబర్ మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

వీటన్నిటికన్నా గట్టి పరిష్కారం హీటెడ్ ట్యూబ్. ట్యూబ్ గోడలో సన్నటి తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది, అది గాలిని ముక్కు దాకా వెచ్చగా మోసుకొస్తుంది. నిజానికి గంటకి పారే ఆ 2 క్యూబిక్ మీటర్ల గాలిని 5 డిగ్రీలు వేడి చేయడానికి 3 వాట్ల పైచిలుకు చాలు, మిగతా కరెంటంతా గోడలోంచి పోయే వేడిని భర్తీ చేయడానికే. రెస్‌మెడ్ వాళ్ల ఎయిర్‌సెన్స్ 10 లాంటి మెషిన్లలో ట్యూబ్ టెంపరేచర్ 16 నుంచి 30 దాకా మార్చుకోవచ్చు, కంపెనీ పెట్టి ఇచ్చేది 27, ఆటో మోడ్‌లో పెడితే గది టెంపరేచర్‌నీ తేమనీ అదే చూసుకుని సర్దుకుంటుంది. చేత్తో మార్చుకునేవాళ్లు ముందు ట్యూబ్ టెంపరేచర్ ఒకటో రెండో డిగ్రీలు పెంచి చూడండి, గాలి ఉక్కగా అనిపిస్తే అప్పుడు హ్యూమిడిటీ ఒక మెట్టు తగ్గించండి. రెండూ ఒకే రాత్రి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు.

హీటెడ్ ట్యూబ్ కొనలేకపోతే ట్యూబ్‌కి తొడుగు వేయండి, ఆన్‌లైన్‌లో జిప్పున్న ఫ్లీస్ కవర్లు దొరుకుతాయి, పాత శాలువాని సన్నగా గొట్టంలా కుట్టించుకున్నా అదే పని చేస్తుంది. మామూలు ట్యూబ్‌నైతే దుప్పటి కింద పెట్టుకోవచ్చు కానీ మాస్క్ రంధ్రాల మీదికి మాత్రం దుప్పటి రాకూడదు, మన ఊపిరి బయటికి పోయే దారి అదొక్కటే. హీటెడ్ ట్యూబ్‌ని రజాయి కింద కప్పేయొద్దు, లోపల కరెంట్ తీగ ఉంది.

మెషిన్ ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. తల కన్నా కిందుగా, మంచం పక్కన చిన్న స్టూల్ మీద ఉంటే ట్యూబ్‌లో పడ్డ నీళ్లు వెనక్కి ఛాంబర్‌లోకే జారతాయి, తల కన్నా పైన అల్మారాలో ఉంటే తిన్నగా ముక్కు మీదికే వస్తాయి. మధ్యలో ట్యూబ్ ఉయ్యాలలా వేలాడకుండా చూసుకోండి, నీళ్లు నిలిచేది ఆ వంపులోనే. కొంతమంది ట్యూబ్‌ని గోడకి కొక్కెం కొట్టి పైనుంచి దించుకుంటారు, పక్కకి తిరిగి పడుకోవడానికి అది బాగుంటుంది కానీ కొక్కెం నుంచి మాస్క్ దాకా ఉన్న ముక్కలో చేరిన నీళ్లు మాత్రం మొహం మీదికే దిగుతాయి, కాబట్టి ఆ ముక్కకైనా తొడుగు ఉండాలి.

ఛాంబర్‌లో నీళ్లు గీత దాటి పోయొద్దు, డిస్టిల్డ్ వాటర్ వాడండి, ఇన్వర్టర్ కోసం తెచ్చిన బ్యాటరీ నీళ్లు మాత్రం వద్దు, అవి బ్యాటరీ కోసం చేసినవి, ఊపిరి కోసం కాదు. ట్యూబ్‌లో చేరిన నీళ్లు ఆవిరై మళ్లీ చల్లబడినవి కాబట్టి వాటిలో ఉప్పులేవీ ఉండవు, అయినా తడి ట్యూబ్‌ని రోజంతా అలాగే చుట్టి వదిలేస్తే బూజుకీ క్రిములకీ ఇల్లు అవుతుంది. పొద్దున్నే ఊడదీసి నీళ్లు దులిపి, రెండు చివర్లూ కిందికి వచ్చేలా నీడలో వేలాడదీస్తే సాయంత్రానికి ఆరిపోతుంది.

పిల్లల దగ్గరికి అమెరికాకో కెనడాకో శీతాకాలంలో వెళ్లే అమ్మానాన్నలకి ఇంకో సంగతి. అక్కడ బయట సున్నా డిగ్రీల గాలిలో ఎంత నిండుగా ఉన్నా 5 గ్రాముల లోపే ఆవిరి ఉంటుంది, దాన్నే ఇంట్లో 20 డిగ్రీలకి వేడి చేస్తే తేమ 28 శాతం, ఇంకా చలి ముదిరితే అంతకన్నా తక్కువ. అంటే ముక్కుకి తడి ఎక్కువ కావాలి, కానీ రాత్రిపూట హీటింగ్ తగ్గించి పడుకునే ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి గది చల్లబడి ట్యూబ్‌లో నీళ్లు కూడా ఎక్కువే చేరతాయి. ఇండియాలో ఏళ్లుగా మామూలు ట్యూబ్‌తో హాయిగా పడుకున్నవాళ్లకి కూడా అక్కడ వాన మొదలయ్యేది ఇందుకే, కాబట్టి బయల్దేరే ముందే మీ మెషిన్‌కి సరిపోయే హీటెడ్ ట్యూబ్ ఉందేమో కనుక్కోండి, లేకపోతే కనీసం ఫ్లీస్ కవర్ పెట్టుకోండి. ట్యూబ్ మారిస్తే మెషిన్ సెట్టింగ్స్‌లో ట్యూబ్ రకం మార్చడం మర్చిపోవద్దు, సన్న ట్యూబ్‌కి 15 మిల్లీమీటర్లు, మామూలుదానికి 22, అది తప్పుగా ఉంటే ప్రెషర్ లెక్క తప్పుతుంది. ఇక సూట్‌కేస్ సర్దే ముందు ఛాంబర్ ఖాళీ చేసి తుడిచేయండి, లోపల మిగిలిన నీళ్లు ఒరిగి మోటార్‌లోకి వెళ్తే ఆ మెషిన్ అక్కడ పనిచేయకపోవచ్చు.