మేడ మీద కర్ర నీడ, నోటులో జెడ్ ఆకారం

మా అన్న కూతురు తొమ్మిదో తరగతి. మార్చిలో ఒకరోజు లెక్కల నోటు పట్టుకొచ్చింది. "చిన్నాయనా, ఏకాంతర కోణాలు సమానమని సార్ చెప్పినారు, సరే. దాంతో ఏం చేసేది?"

నోటులో లెక్క మామూలుదే. రెండు సమాంతర రేఖలు, వాటిని ఖండించే తిర్యగ్రేఖ. ఆ రెండు రేఖల మధ్య, తిర్యగ్రేఖకు అటొకటి ఇటొకటి ఉండేవి ఏకాంతర కోణాలు. ఈ లెక్కలో అడిగింది మాత్రం ఒకే వైపువి. ఒకే వైపున్న అంతర కోణాల్లో ఒకటి రెండు ఎక్స్‌కు 15 కలిపితే వచ్చేది, ఇంకోటి మూడు ఎక్స్‌కు 40 కలిపితే వచ్చేది. రెండింటి మొత్తం 180 కాబట్టి ఎక్స్ 25, కోణాలు 65, 115. తనే చేసేసింది. తనకు కావలసింది ఆ జవాబు కాదు.

ఆ వారంలోనే మార్చి 20 వచ్చింది. ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు నడినెత్తిన ఉంటాడు. తిరుపతిలో మా మేడ మీద మీటరు కర్ర నిలబెట్టాం. దారానికి రాయి కట్టి వేలాడదీసి నిలువు సరిచూశాం. మిట్టమధ్యాహ్నం ఆడపిల్ల మేడెక్కితే గాలి సోకుతుందని మా అమ్మ భయపడింది. ఆ భయం వల్ల ఎంతమంది పిల్లలు ఆకాశం చూడకుండా పెరిగారో అని నాకు నిజంగా బాధ.

గడియారంలో 12 కొట్టినా నీడ ఇంకా తగ్గుతూనే ఉంది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశానివి, తిరుపతి దానికి మూడు డిగ్రీలు పడమర. దాంతో పన్నెండు నిమిషాలు, పైగా మార్చిలో సూర్యుడు గడియారం కన్నా ఏడెనిమిది నిమిషాలు వెనకుంటాడు. అందుకే సుమారు 12:20కి నీడ అన్నిటికన్నా పొట్టిదైంది. 24 సెంటీమీటర్ల పైచిలుకు. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి నీడ కొస మసకగానే ఉంటుంది, అంతకంటే కచ్చితంగా కొలవలేం. నోటులో 10 సెంటీమీటర్ల నిలువు గీత, దాని అడుగున 2.4 సెంటీమీటర్ల అడ్డగీత గీసి, కొసలు కలిపి, పైకొస దగ్గర కోణమానిని పెట్టింది. పదమూడున్నర, పద్నాలుగు మధ్య.

ఇప్పుడు కర్రను ఊహలో నేలలోకి పొడిగించండి. అది భూకేంద్రానికి చేరుతుంది. అదే మన తిర్యగ్రేఖ. కర్ర కొసను తాకుతూ నేలకు దిగే కిరణం ఒక రేఖ. తిరుపతికి నేరుగా దక్షిణాన, హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖ మీద నిట్టనిలువుగా పడే కిరణం రెండోది, దాన్ని పొడిగిస్తే అదీ కేంద్రానికే పోతుంది. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఈ రెండు కిరణాల మధ్య తేడా డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు, సమాంతరాలే అనుకోవచ్చు. కర్ర కొస దగ్గర ఒక కోణం, కేంద్రం దగ్గర ఒక కోణం, తిర్యగ్రేఖకు అటొకటి ఇటొకటి. జెడ్ అక్షరం! ఏకాంతర కోణాలు. భూకేంద్రంలో ఎవరూ కొలవలేని కోణాన్ని మేడ మీద కొలిచేశాం. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు అంటే ఆ కోణమే.

ఇక్కడి నుంచి భూమధ్యరేఖకు సుమారు 1,510 కిలోమీటర్లు. 13.6 డిగ్రీలకు అంత దూరమైతే 360కి దాదాపు 40,000. భూమి చుట్టుకొలత! క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కొలిచింది ఇలాంటి కోణాన్నే. ఆయనకు వచ్చింది 7.2 డిగ్రీలు, వృత్తంలో యాభయ్యో వంతు.

ఈ సమానత్వం వినడానికి తేలికే గానీ, ప్రాచీన గ్రీకు రేఖాగణితవేత్త యూక్లిడ్ తన మొదటి 28 సిద్ధాంతాలను ఐదో స్వీకృతం (సమాంతర రేఖల గురించి రుజువు లేకుండా ఒప్పుకున్న మాట) సాయం లేకుండానే రుజువు చేశాడు. ఏకాంతర కోణాలు సమానమైతే రేఖలు సమాంతరమన్నది ఆ 28లోనే ఉంది. రేఖలు సమాంతరమైతే ఆ కోణాలు సమానమన్నది 29వది, అక్కడే ఐదో స్వీకృతం మొదటిసారి అవసరమైంది. బడిలో రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తారు. విడదీసి చెప్పాలని నా కోరిక.

ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు మన నెత్తి మీదికే వస్తాడు. ఆ మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు, కోణం సున్నా. అప్పటిదాకా కర్రను తీయొద్దని చెప్పి వెళ్లింది పిల్ల.