బిల్లు పెట్టగానే చట్టం అయిపోదు

పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయంటే నా ఫోను ఆగదు. పొద్దున లోక్‌సభలో బిల్లు పెడతారు, సాయంత్రానికి ఒకటే ప్రశ్న: "సార్, కొత్త చట్టం వచ్చేసిందట కదా?" రాలేదండీ. వచ్చింది బిల్లు. వకీలుగా ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

2018 మొదట్లో ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మూడు ఎఫ్‌డీ రసీదుల జిరాక్సులు. మూడూ గడువుకి ముందే తీసేశారు. బ్యాంకు మునిగితే డిపాజిట్లు లాగేసుకునే చట్టం వచ్చిందని వాట్సాప్‌లో ఎవరో పంపారట, ఆవిడకు నిద్ర పట్టలేదు. అది ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు, అంటే మునిగే బ్యాంకుల పరిష్కారం, డిపాజిట్ల బీమా గురించిన బిల్లు. 2017 ఆగస్టులో లోక్‌సభలో పెట్టారు. అందులో 'బెయిల్-ఇన్' (మునిగే బ్యాంకును నిలబెట్టడానికి దానికి అప్పిచ్చినవాళ్ల, డిపాజిటర్ల సొమ్మునే వాడుకోవడం) అనే అంశం ఉన్నమాట నిజమే, ఆవిడ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ అప్పటికి ఆ బిల్లు రెండు సభల ఎంపీలున్న సంయుక్త కమిటీ దగ్గరే ఉంది. ఏ సభా ఆమోదించలేదు. 2018 ఆగస్టులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. టీచరమ్మకు పోయిన వడ్డీ మాత్రం పోయినట్టే. ఆ పుకారు పుట్టించినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

రెండు సభలూ ఆమోదిస్తే అయిపోయినట్టేనా? కాదు, రాష్ట్రపతి సంతకం కావాలి. 1986లో పోస్టాఫీసు సవరణ బిల్లు రెండు సభలూ దాటింది, అప్పటి రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకం పెట్టలేదు, అది చట్టం కాలేదు.

సంతకం అయ్యాక కూడా అమలు తేదీ చూడాలి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితపై రాష్ట్రపతి సంతకం 2023 డిసెంబరు 25న అయింది. అమలు 2024 జూలై 1 నుంచి. మధ్యలో ఆరు నెలలు. ఆ జనవరిలో ఒక లారీ డ్రైవరు వచ్చి, "యాక్సిడెంటు చేసి పారిపోతే పదేళ్లంట సార్, బండి దిగిపోతా" అన్నాడు. ఆ నిబంధన సెక్షన్ 106(2). అప్పటికి చట్టమే అమల్లో లేదు. తర్వాత అమలు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు సరిగ్గా ఆ ఉపసెక్షన్‌నే మినహాయించారు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. రాజ్యసభ అడ్డు చెబితే రెండు సభల ఉమ్మడి సమావేశం పెట్టి గెలిచేస్తారంటారు. ఇప్పటిదాకా అలా చట్టాలు చేసింది మూడేసార్లు: 1961, 1978, 2002. రాజ్యాంగ సవరణకైతే ఆ దారే లేదు. ఏ బిల్లయినా రాజ్యసభ పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపాల్సిందేనంటారు, ఆ గడువు ఉండేది ద్రవ్య బిల్లుకే, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి వాటి బిల్లుకే. ఆర్డినెన్స్ (సభలు లేనప్పుడు రాష్ట్రపతి ఇచ్చే తాత్కాలిక చట్టం) శాశ్వతం కాదు, సభలు మళ్లీ కొలువుదీరిన ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే దాని పని అయిపోతుంది. పార్లమెంటు ఏ సవరణైనా చేయగలదన్నది కూడా తప్పే. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకూడదని సుప్రీంకోర్టు 1973లోనే తేల్చింది.

ఇక మీకు ఏ ఫార్వర్డ్ వచ్చినా, చట్టం కాపీ తెరిచి సెక్షన్ 1 చదవండి. "కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన తేదీ నుంచి" అని ఉంటే ఆ నోటిఫికేషన్ వెతకండి. ఒక్కో సెక్షన్‌కు ఒక్కో తేదీ కూడా ఉండొచ్చు. దొరక్కపోతే ఫోను చేయండి, ఎఫ్‌డీ తీయకముందే చేయండి.