గుంట గట్టు మీద డీవీఆర్‌కు ఐపీవీ6 అందుతుందా?

ముత్తుకూరు, కోట వైపు రొయ్యల గుంటల మీద కెమెరాలు పెట్టుకుని, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఫోన్‌లో చూసుకునే రైతులున్నారు. ఇంటర్నెట్ కనెక్షన్ మార్చాక బొమ్మ రాకపోతే అందరూ కెమెరాల బొమ్మను రికార్డు చేసే పెట్టె డీవీఆర్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు దానిది కాదు.

ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కూ అంకెల చిరునామా కావాలి. పాత రకమైన ఐపీవీ4 చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. పంచడానికి మిగిలిన ఆఖరి నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. అందుకే కంపెనీలు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నాయి. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి కనెక్షన్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీదీ ఉమ్మడి చిరునామానే. అప్పుడు పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి పిలుపును రౌటర్ డీవీఆర్‌కు పంపే ఏర్పాటు) ఎన్నిసార్లు పెట్టినా బయటి నుంచి లోపలికి దారి దొరకదు. క్లౌడ్ యాప్‌లో చూసేవారికి ఈ బాధ లేదు, అక్కడ డీవీఆరే బయటికి వెళ్లి సర్వర్‌ను పలకరిస్తుంది.

మిగతావారికి దారి కొత్త రకం చిరునామా ఐపీవీ6. ఇందులో కొరత లేదు, ప్రతి పరికరానికీ సొంత చిరునామా ఇవ్వొచ్చు. ఫోన్లు, కంప్యూటర్ల గురించి బెంగ అక్కర్లేదు. విండోస్‌లో విస్టా నాటి నుంచే ఐపీవీ6 ఆన్‌లో ఉంటుంది. చిక్కంతా రౌటర్‌లో. వాన్ వైపు ఐపీవీ6, ప్రిఫిక్స్ డెలిగేషన్ (చిరునామా ముందు భాగాన్ని, అంటే ప్రిఫిక్స్‌ను, కంపెనీ రౌటర్‌కు ఇచ్చే ఏర్పాటు) ఆన్ చేసి, లాన్ (ఇంటి లోపలి) వైపు స్లాక్ (పరికరాలు తమ చిరునామా తామే తయారుచేసుకునే పద్ధతి) ఎంచుకోవాలి. అక్కడ ఒక్క డీహెచ్‌సీపీవీ6 (రౌటరే చిరునామాలు పంచే పద్ధతి) మాత్రమే పెడితే ల్యాప్‌టాప్‌కు చిరునామా వస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌కు సాధారణంగా రాదు. తర్వాత ఫోన్‌లో వైఫై వివరాలు తెరవండి. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది ఒక్కటే కనిపిస్తే అది ఇల్లు దాటి పోదు. 2తో మొదలయ్యేది కూడా ఉండాలి.

అన్నీ సరిగానే ఉండి కొన్ని సైట్లు సగంలో ఆగిపోతుంటే రౌటర్‌లో ఎంటీయూ (ఒక్కసారి పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి. పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) కనెక్షన్‌లో అది 1492 ఉండాలి. ఐపీవీ6లో దారి మధ్యలోని రౌటర్లు పెద్ద ప్యాకెట్‌ను ముక్కలు చేయవు, 'పెద్దదైంది' అని కబురు పంపుతాయి. ఈ కబుర్లు మోసే ఐసీఎంపీవీ6ను బ్లాక్ చేసినవారికి ఆ కబురు చేరదు. భద్రత పేరుతో చేసే పనే ఇది!

ఐపీవీ4ను మాత్రం ఆపేయకండి. చవక స్మార్ట్ ప్లగ్గుల్లో చాలావాటికి అదొక్కటే వచ్చు.

ఇక డీవీఆర్‌ను బయటి నుంచి చూడాలంటే, రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ (బయటివారిని ఆపే అడ్డు) ఆన్‌లోనే ఉంచి, డీవీఆర్ చిరునామాకు, దాని పోర్టుకు (అది పలికే ద్వారం నంబరు) మాత్రమే అనుమతివ్వాలి. అంతకంటే ముందు డీవీఆర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి. చూసే ఫోన్‌కూ ఐపీవీ6 ఉండాలి. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే ప్రిఫిక్స్ మారిపోయే కనెక్షన్లూ ఉన్నాయి కాబట్టి, డీవీఆర్‌లోని డీడీఎన్ఎస్ (చిరునామా మారినా ఒకే పేరుతో దొరికేలా చేసే సదుపాయం) ఐపీవీ6 చిరునామాను నమోదు చేయగలదా అని కొనేముందే అంగట్లో అడగండి.