హైస్కూల్ ఇంగ్లీషు టీచరు పని: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఏ సీబీఎస్‌ఈ పాఠశాలకు వెళ్లినా ప్రతి తరగతిలో తెలుగు పిల్లలు కనిపిస్తారు. నేను అటువైపు ఒక హైస్కూల్లో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు ఇంగ్లీషు చెబుతాను. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన తెలుగువారు నేనూ తెలుగుదాన్నే అని తెలియగానే చనువుగా మాట్లాడతారు. అలా మాట్లాడుతున్నప్పుడే మా పని మీద, పిల్లల ఇంగ్లీషు మీద వారికి ఉన్న నమ్మకాలు బయటపడతాయి. వాటిలో కొన్ని పిల్లలకు నిజంగా నష్టం చేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: టీచర్లకు రోజుకు ఐదారు పీరియడ్లే. మిగతా సమయం ఖాళీ.

వాస్తవం: ఒక చిన్న లెక్క వేద్దాం. సెక్షనుకు నలభై మంది చొప్పున నాలుగు సెక్షన్లు ఉంటే 160 మంది పిల్లలు. అందరి చేత ఒక్క వ్యాసం రాయించి, ఒక్కోదాన్ని 8 నిమిషాలు శ్రద్ధగా చదివి దిద్దితే 1,280 నిమిషాలు, అంటే 21 గంటల పైమాట. వారంలో దొరికే ఖాళీ పీరియడ్లన్నీ కలిపినా అంత సమయం రాదు. పైగా ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ ఖాళీ పీరియడే సబ్‌స్టిట్యూషన్‌కు, అంటే వారి తరగతి చూసుకోవడానికి పోతుంది. యూనిట్ టెస్టు పేపర్లు సోమవారం చేతికి వస్తే వారాంతంలోగా మార్కులు కంప్యూటర్లో ఎక్కించాలి. ఆ మధ్యలోనే వచ్చే వారం లెసన్ ప్లాన్, అర్ధవార్షిక పరీక్ష ప్రశ్నపత్రం, దాని ఆన్సర్ కీ, వక్తృత్వ పోటీకి వెళ్లే పిల్లల సాధన, స్కూల్ మ్యాగజైన్ ప్రూఫులు అన్నీ నడుస్తాయి. ఇంగ్లీషు టీచరు కదా అని ఆహ్వానపత్రాలు, వార్షికోత్సవ నివేదిక కూడా మా బల్ల మీదికే వస్తాయి. విద్యాహక్కు చట్టం-2009 షెడ్యూలులోనే టీచరుకు వారానికి కనీసం 45 పని గంటలని ఉంది. బోధనతో పాటు పాఠం తయారీకి పట్టే సమయాన్నీ అందులో కలిపారు. ఎనిమిదో తరగతి వరకే వర్తించే చట్టమైనా, తయారీని పనిగా గుర్తించింది. పుస్తకాలు దిద్దడం చాలావరకు రాత్రి ఇంట్లో, లేదంటే ఆదివారం జరుగుతుంది.

అపోహ: ప్రతి తప్పు కింద ఎర్రగీత ఉంటేనే టీచరు సరిగా దిద్దినట్టు.

వాస్తవం: పిల్లల నోట్సు తెరిచి "మేడమ్, ఇక్కడ స్పెల్లింగ్ తప్పుంది, మీరు గుర్తించలేదు" అని చూపించే తల్లిదండ్రులు ఉన్నారు. వారి శ్రద్ధ నాకు సంతోషమే. అయితే ముప్ఫై తప్పులున్న పేజీలో ముప్ఫై గీతలు గీస్తే, పిల్లవాడు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తాడు. ఏది ముందు సరిచేసుకోవాలో వాడికి తెలియదు. నేను ఒక్కో వ్యాసానికి ఒకటి రెండు విషయాలే పట్టుకుంటాను. ఒకసారి భూతకాల క్రియలు. మన పిల్లల రాతల్లో 'డిడ్ నాట్ వెంట్' అనే తప్పు పదో తరగతి వరకూ వెంటాడుతుంది. ఇంకోసారి పేరా ఎక్కడ విడగొట్టాలన్నది. 'ఎ', 'ఎన్', 'ది' వంటి ఆర్టికల్స్‌కు తెలుగులో సమానమైనవి లేవు. అందుకే పిల్లలు కొన్నిచోట్ల వదిలేస్తారు, కొన్నిచోట్ల అవసరం లేకపోయినా పెడతారు. వాటిని ఒక వారంలో దిద్దేయలేం. ఏళ్ల తరబడి చదవగా చదవగా కుదురుకుంటాయి. తప్పును నేనే సరిచేసి రాసిపెట్టడం కన్నా, గీత గీసి మార్జిన్లో ఒక ప్రశ్న వేయడం ఎక్కువ పనిచేస్తుంది. "ఇది ఎప్పుడు జరిగింది?", "ఈ మాట ఎవరన్నారు?" అని అడుగుతాను. దానికి జవాబు వెతుక్కుంటూ పిల్లవాడు తిరగరాసినప్పుడే నేర్చుకుంటాడు. మీరు నోట్సు చూసేటప్పుడు మొదటి ప్రతినీ తిరగరాసిన ప్రతినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండో ప్రతి లేకపోతే నన్ను తప్పకుండా అడగండి.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పాడవుతుంది.

వాస్తవం: అన్నింటిలోకి నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అమ్మానాన్నలు తమకు అలవాటు లేని ఇంగ్లీషులో నాలుగు పొడి మాటలతో సరిపెడతారు. కోపం, దిగులు, వాదన ఏదీ అందులో పూర్తిగా చెప్పలేరు. ఇంట్లో లోతైన సంభాషణే ఆగిపోతుంది. ఒక భాషలో గట్టిగా ఏర్పడిన ఆలోచనా శక్తి, చదివే నైపుణ్యం రెండో భాషకూ ఉపయోగపడతాయని కెనడాకు చెందిన భాషా విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే ప్రతిపాదించారు. తరగతిలో నేను చూసేదీ అదే. తాతయ్యతో క్రికెట్ మీద తెలుగులో గంటసేపు వాదించగలిగిన పిల్లవాడికి ఇంగ్లీషు వ్యాసంలో కారణం, ఉదాహరణ, ముగింపు అనే వరుస త్వరగా పట్టుబడుతుంది. చెప్పడానికి విషయం లేని పిల్లవాడికి ఎన్ని పదాలు నేర్పినా మూడో వాక్యం దగ్గర ఆగిపోతాడు. బెంగళూరు పిల్లలకు బడిలో కన్నడ, హిందీ కూడా ఉంటాయి. అన్ని భాషల మధ్య ఇంటి భాష గట్టిగా ఉంటే వారికి అదే ఆధారం. రాత్రి భోజనాల దగ్గర, ఆ రోజు చదివిన ఇంగ్లీషు పాఠం కథ తెలుగులో చెప్పించుకోండి. అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది.

అపోహ: గ్రామర్ పుస్తకం కంఠస్థం చేసి, పరీక్షలో పేజీలు నింపితే మార్కులు వస్తాయి.

వాస్తవం: సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లీషు రాతపరీక్ష 80 మార్కులు, అంతర్గత మూల్యాంకనం 20. ఆ 80లో చదివి అర్థం చేసుకోవడానికి 20, సాహిత్యానికి 40. నేరుగా గ్రామర్‌కు 10 మాత్రమే. మిగిలిన 10 ఉత్తరం, పేరా రాయడానికి. పెద్ద జవాబైనా 100-120 పదాలు చాలు. విషయం, వ్యక్తీకరణ, భాషాశుద్ధి అని విడివిడిగా మార్కులు వేస్తారు కాబట్టి చెప్పిందే మళ్లీ చెప్పి పేజీ నింపితే కలిసొచ్చేది ఏమీ లేదు. గైడు కొనే డబ్బుతో చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు నాలుగు కొనివ్వండి. శనివారం ఉదయం కబ్బన్ పార్కులో పెద్దలూ పిల్లలూ చెట్ల కింద కూర్చుని ఎవరి పుస్తకం వారు చదువుకుంటారు. మీరూ ఒక పుస్తకం పట్టుకుని పిల్లలతో వెళ్లండి.

అపోహ: వినడం, మాట్లాడటం పరీక్ష మార్కులు ఊరికే వేసేవి.

వాస్తవం: నలభై మందిని ఒక్కొక్కరినీ ఐదు నిమిషాలు మాట్లాడించాలంటే 200 నిమిషాలు, అంటే 40 నిమిషాల పీరియడ్లు ఐదు కావాలి. ఒక్క సెక్షనుకే అంత. ఉచ్చారణ అమెరికా యాసలో ఉందా అని మేం చూడం. ఎదుటివారికి అర్థమవుతోందా, అడిగినదానికి జవాబు చెబుతున్నాడా, అన్నదే చూస్తాం.

అపోహ: వ్యాసం ఫోనే రాసిపెడుతుంటే పిల్లలు నేర్చుకోవడం ఎందుకు?

వాస్తవం: ఇప్పుడు ఇంటికి ఇచ్చిన వ్యాసాల్లో సగం ఒకే గొంతుతో వస్తున్నాయి. అందుకే మొదటి ప్రతి తరగతిలోనే చేత్తో రాయిస్తున్నాను. అనుమానం వస్తే కోప్పడను. "ఈ వాక్యం నీ మాటల్లో చెప్పు" అంటాను. బోర్డు పరీక్షలో పక్కన ఫోను ఉండదు, రేపు ఉద్యోగానికి ముఖాముఖి మాట్లాడేటప్పుడూ ఉండదు.

అపోహ: తెలుగు మాధ్యమం నుంచి ఎనిమిదిలో చేరితే ఇక అందుకోలేరు.

వాస్తవం: అనంతపురం, చిత్తూరు వైపు నుంచి తల్లిదండ్రుల పని కోసం వచ్చి మధ్యలో చేరే పిల్లలు మా తరగతుల్లో ఉంటారు. మొదటి కొన్ని నెలలు వారు నోరు విప్పరు. కొత్త భాషలో పడిన పిల్లలకు అది సహజం. వింటూనే ఉంటారు, నేర్చుకుంటూనే ఉంటారు. అలాంటి పిల్లలను ముందుగా తెలుగులో రాసుకోనిస్తాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులోకి తెస్తాం. మధ్యాహ్న భోజన విరామంలో పది నిమిషాలు గట్టిగా చదివిస్తాను. ఎనిమిదో తరగతి జూన్‌లో మొదలుపెడితే పదో తరగతి బోర్డు పరీక్షకు రెండున్నరేళ్లకు పైగా సమయం ఉంటుంది. మీ పిల్లలు అలా చేరి ఉంటే స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు ఒకసారి వచ్చి నన్ను కలవండి. ఏడో తరగతి తెలుగు నోట్సు వెంట తీసుకురండి. వారు తెలుగులో ఎలా రాస్తారో చూస్తే ఇంగ్లీషు ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుస్తుంది.