టీచరు మూడో మాట

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలోని ఒక ఊరి బడిలో, ఆరో తరగతి ఇంగ్లీషు పాఠం నడుస్తుండగా చివరి బల్ల మీద కూర్చునే అవకాశం నాకు ఒకసారి దొరికింది. ఒడియా మాతృభాషగా గల టీచరు జేబులోని కలం పైకెత్తి "వాట్ ఈజ్ దిస్?" అని అడిగారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు లేచి "పెన్ను" అన్నాడు. "భెరి గుడ్, ఇట్ ఈజ్ ఎ పెన్" అని ఆయన మరొకరి వైపు తిరిగారు. ఆ పీరియడులో ఈ మూడు మాటల వరుస ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టబోయి మధ్యలోనే మానేశాను.

ఈ వరుసను 1975లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు జాన్ సింక్లెయిర్, మాల్కమ్ కూల్తార్డ్ శాస్త్రీయంగా వర్ణించారు. టీచరు మొదలుపెట్టడం, విద్యార్థి బదులివ్వడం, ఆ బదులు మీద టీచరు తిరిగి ఏదో ఒకటి అనడం: తరగతి సంభాషణకు ఇదే అచ్చు. బడి బయట ఈ మూడో మాట దాదాపు కనబడదు. సంతలో వంకాయల ధర అడిగి, "కిలో నలభై" అన్న మనిషిని "శభాష్, సరిగ్గా చెప్పావు" అని మెచ్చుకునేవారు ఉండరు కదా.

అడిగేవారికి జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు తరగతిలో ఎంత ఎక్కువో 1983లో పరిశోధకులు మైకేల్ లాంగ్, షార్లీన్ సాటో చూపించారు. అటువంటి ప్రశ్నలను పూర్తిగా తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మన పొడుపుకథ కూడా ఆ జాతిదే. అయితే పొడుపుకథలో విప్పేవాడికి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది, తరగతిలో దొరకదు. 1970ల్లో అమెరికా ప్రాథమిక పాఠశాలల సైన్సు తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిగా వస్తున్నాయని, అంతవరకు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడుతున్నారని గమనించారు. అక్కడి పిల్లలకు బడి భాష, ఇంటి భాష చాలావరకు ఒకటే. సరిహద్దు ఊళ్లోని పిల్లవాడు ఇంగ్లీషు ప్రశ్నను బడిలోని ఒడియాలో అర్థం చేసుకుని, తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషుకు రావాలి. అతని మౌనాన్ని తెలియకపోవడంగా లెక్కగట్టడం తొందరపాటని నా అభిప్రాయం.

టీచరు మాటలు తగ్గిస్తే చాలుననే సలహా తరచుగా వినబడుతుంది. తరగతిలో మాట వినిపించే సమయంలో సుమారు మూడింట రెండు వంతులు టీచరుదేనని అమెరికా పరిశోధకుడు నెడ్ ఫ్లాండర్స్ ఏనాడో చెప్పారు. కానీ వీధిలో, ఇంట్లో, అంగడిలో ఎక్కడా ఇంగ్లీషు చెవిన పడని ఊళ్లో టీచరు నోటి నుంచి వచ్చేదే ఆ భాష. అందువల్ల ఆయన ఎంతసేపు మాట్లాడారన్నది నాకు అంత ముఖ్యంగా తోచదు. పిల్లవాడు బదులిచ్చాక ఏమన్నారన్నదే అసలు సంగతి.

పైన చెప్పిన "పెన్ను" సంగతే చూద్దాం. తెలుగు పలుకుబడిలో పదం చివర అచ్చు చేరడం సహజం కనుక పెన్ను, బుక్కు, బస్సు మన నోట తయారయ్యాయి. టీచరు "ఇట్ ఈజ్ ఎ పెన్" అనడంలో సవరణ ఉంది, కానీ అది మెచ్చుకోలు చాటున దాగిపోయింది. మరో నిమిషానికి అదే పిల్లవాడు "బుక్కు" అన్నాడు. కెనడాలో పాఠాలు ఫ్రెంచిలోనే చెప్పే తరగతులను గమనించి రాయ్ లిస్టర్, లీలా రాంటా 1997లో ప్రకటించిన ఫలితం ఇదే కథ చెబుతుంది. టీచర్లు చేసే సవరణల్లో సగానికి పైగా, తప్పును ఎత్తిచూపకుండా సరైన రూపాన్ని తామే పలికేసే తరహావి. పిల్లలు అతి తక్కువగా అందుకున్నవీ అవే. పిల్లవాడే దిద్దుకునేలా ప్రేరేపించిన చోట స్పందన ఎక్కువగా కనిపించింది.

సరిహద్దు తరగతిలో చిక్కు ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు "వ" ఒడియా నోట సాధారణంగా "భ" అవుతుంది, అందుకే "భెరి గుడ్". హ్రస్వ దీర్ఘాల తేడా ఒడియా లిపిలో ఉన్నా ఉచ్చారణలో లేదు కనుక "షిప్", "షీప్" విడదీయడం ఒడియా పిల్లలకు కష్టం, ఇ ఈలు అలవాటైన తెలుగు పిల్లలకు సులువు. ఒకే మూడో మాట ఇద్దరికీ సరిపోదు.

భాష నేర్పే తరగతిలో ఏ భాష వినిపించాలన్న ప్రశ్న ఈ నేలకు కొత్త కాదు. 1907 ప్రాంతంలో ఇక్కడ పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరం ఎందుకని అడగగా, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను వ్యావహారిక భాషోద్యమంగా మలిచారు. సవర గిరిజన పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నదీ ఆయనే.

పీరియడు చివర టీచరు, తనకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి వేశారు: పొద్దున ఏం తిన్నావు? వెనక వరుసలోని అమ్మాయి కొంతసేపు ఊరుకుని "పఖాళ" అంది. పక్కనున్న పిల్ల "చద్దన్నం" అని తెలుగులో అందించింది. ఈసారి ఆయన "భెరి గుడ్" అనలేదు, అది ఎలా చేస్తారని ఇంగ్లీషులో అడిగి ఆగారు. "రైస్... వాటర్... నైట్ కీప్" అంది అమ్మాయి. "లాస్ట్ నైట్, మై మదర్..." అని ఆయన మధ్యలో ఆపి చూశారు. గంట కొట్టే మనిషి వరండాలోకి వచ్చాడు. అమ్మాయి ముందు "కీప్డ్" అని, ఆయన ముఖం చూసి, "కెప్ట్ రైస్ ఇన్ వాటర్" అంది.