ముళ్లపొదలో మూడు నాణేల బరువు

ఫాల్గుణం చివరి రోజుల్లో చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఒడ్డుకు వెళితే ముందు వినిపించేది కోయిలే. ఏటిలో నీళ్లు గుంటలుగా మిగిలి, వాటి చుట్టూ జమ్ము ఒత్తుగా పెరిగి ఉంటుంది. గట్టు పొడవునా సర్కారు తుమ్మ. కోయిలను కాసేపు మరిచి ఆ తుమ్మపొదల వైపు చెవి ఒగ్గితే, రెండు గులకరాళ్లు తాకించినట్టు పొడిగా "చక్... చక్" అన్న చప్పుడు. ఓపికగా నిలబడితే మట్టిరంగు పిట్ట ఒకటి కొమ్మల మధ్య దూరుతూ కనిపిస్తుంది. ఒంటి మీద గీత లేదు, మచ్చ లేదు. ఈ ఏటిగట్టున నాకు అన్నిటికంటే ఇష్టమైన పిట్ట ఇదే.

పేరు బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో దీన్ని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించారు. పేరులో రెల్లు (రీడ్) ఉన్నా దీని కాపురం ఎక్కువగా పొదల్లోనే. బరువు 10 నుంచి 12 గ్రాములు, అంటే దాదాపు మూడు రూపాయి నాణేలంత. చలికాలమంతా మన దగ్గర గడిపి, వసంతంలో ఉత్తరానికి బయల్దేరుతుంది. ఇది గూడు కట్టే నేల ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా పరుచుకుని ఉంది.

బయల్దేరే వేళ అయిందని దానికి చెప్పేదెవరు? పగటి పొడవు అని సాధారణంగా చెబుతారు. పక్షుల మెదడు లోపలే వెలుతురును పసిగట్టే కణాలున్నాయి. పుర్రె గుండా దిగే వెలుగు వాటికి చాలు. కానీ హెల్సింకిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ దాదాపు 13 గంటల తేడా ఉంటే, తిరుపతిలో ఆ తేడా గంటా నలభై నిమిషాలే. ఇంత చిన్న మార్పు ఒక్కటే సరిపోదనిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ గ్విన్నర్ వేరే జాతుల వార్బ్లర్లను ఏళ్ల తరబడి పగటి పొడవు మారని వెలుతురులో ఉంచి చూశారు. అయినా అవి వేళకు కొవ్వు పట్టాయి, ఈకలు మార్చుకున్నాయి, వలస కాలంలో రాత్రిళ్లు పంజరంలో నిలవలేక రెక్కలు కొట్టుకున్నాయి. లోపల ఒక పంచాంగం ఉందన్నమాట. కాకపోతే వాటి ఏడాది పన్నెండు నెలలకు కాస్త తక్కువగా తిరిగింది. దాన్ని ఏటేటా సరిదిద్దేది బయటి పగలే.

ప్రయాణానికి దారిబత్తెం కొవ్వు. గ్రాము పిండిపదార్థం 4 కేలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. పైగా అది ఖర్చయినప్పుడు ఒంట్లో నీరు కూడా పుడుతుంది. రాత్రిళ్లు ఎగిరే చిన్న ప్రాణికి ఇంతకంటే తేలికైన మూట లేదు. ఆ మూట కట్టుకునేది ఇక్కడే, ఈ పొదల్లోని పురుగులతో, సాలీళ్లతో. ఎండలు ముదరగానే జమ్ముకు నిప్పు పెట్టి, గట్టు పొదలు నరికేస్తుంటే నా మనసు విలవిల్లాడేది అందుకే. కనీసం ఏప్రిల్ దాటేదాకా ఆగవచ్చు కదా.

గట్టు దాటి శేషాచలం వైపు నడిస్తే వేరే లోకం. ఆకు రాలిన అడవి కాబట్టి పిట్టలు దాక్కోలేవు. ఒక్క ఆకు లేని మోదుగ నిండా ఎర్రపూలు, వాటి మీద తేనె కోసం గోరింకలు. మర్రికొమ్మపై కంసాలి పిట్ట ముక్కు మూసుకునే, గొంతు మాత్రం ఉబ్బిస్తూ, "టుక్ టుక్" మని సుత్తి దెబ్బలు వేస్తుంది. మావిచిగురు తిని పాడుతుందని మనం చెప్పుకునే కోయిల నిజానికి ఎక్కువగా పండ్లే తింటుంది. ఆ పాటగత్తె ఆడది కూడా కాదు, నల్లని మగపిట్ట. మచ్చల ఆడకోయిల కీచుమని అరిచి కాకిగూడు వెతుక్కుంటుంది.

నేను మళ్లీ ఏటిగట్టుకే వస్తాను. నిరుడు ఏప్రిల్ మొదటి వారంలో, ఎండ ఎక్కకముందు, అదే పొదలో "చక్ చక్" ఆగి, గొంతు తగ్గించి పాడిన సన్నని పాట వినిపించింది. ఉత్తరాన వేసవి రాత్రుల్లో గొంతెత్తి పాడేది దీన్నే. ఒక్కో పలుకునూ నాలుగైదుసార్లు తిప్పి, ఇతర పిట్టల గొంతులు కూడా కలిపి పాడుతుంది. ఇక్కడ నాకు దొరికింది నిమిషం కూడా లేదు. ఆ తర్వాతి వారం వెళ్లేసరికి పొదలో చప్పుడు లేదు.